రెండు ముడుల మధ్య తాడు

నా చిన్నప్పుడు మా ఇంట్లో నా విలువ ఒక గుర్రం. చదరంగంలో మా తాతయ్య ఇచ్చే హోదాలు అలా ఉండేవి. కొత్తగా నేర్చుకున్నవాళ్లతో తన మంత్రిని పక్కన పెట్టేసి ఆడేవాడు. వాళ్లు తనని వరసగా మూడు ఆటలు ఓడిస్తే మంత్రిని మళ్లీ బల్ల మీదికి తెచ్చుకుని, ఈసారి ఒక ఏనుగును తీసేసేవాడు. ఆ తర్వాత గుర్రం, ఆ తర్వాత బంటు. బంటు కూడా తీయక్కర్లేని రోజున సమానం అన్నమాట. పశువుల శాల గోడ మీద మా పేర్ల కింద బొగ్గుతో, ఎవరికి ఏ పావు తీస్తాడో ఆ మాట రాసి ఉండేది. ఇప్పటి పిల్లలు రేటింగ్ అనేది దాన్నే.

గజపతినగరం పక్కన పల్లె మాది. అరవైల చివర, నాకు పదకొండేళ్లు. మంత్రినీ ఏనుగునీ దాటడానికి నాకు ఎంతోకాలం పట్టలేదు. గుర్రం దగ్గర పడ్డాను చూడండి, ఇక కదలిక లేదు. వరికోతలప్పుడు రాసిన ఆ మాట ఎండాకాలం సెలవులొచ్చినా అలాగే ఉంది. ఒకటి గెలిస్తే రెండోది పోయేది. రెండు గెలిస్తే మూడోది ఖాయంగా పోయేది. పొద్దున్నే పేడ తీయడానికి శాలలోకి వెళ్తే గోడ మీద ఆ గుర్రమే ఎదురయ్యేది. దాన్ని చూసి నేనెన్నిసార్లు పళ్లు నూరానో లెక్కలేదు.

ఆ సెలవులకే శ్రీకాకుళం నుంచి మా మేనత్త కొడుకు వచ్చాడు. నా ఈడువాడే, నాకు బావ. తాతయ్య దగ్గర పాత చదరంగం పెట్టె ఒకటుండేది. వీణలు చేసే వడ్రంగి ఒకాయన మిగిలిన పనస చెక్కతో చెక్కి ఇచ్చిన పావులు. మీలో ఎవరు ముందు బంటుకి దిగితే ఈ పెట్టె వాళ్లదే అన్నాడు తాతయ్య. అప్పటికి బావ ఇంకా మంత్రి దగ్గరున్నాడు. పెట్టె నాదేనని నేను ధీమాగా ఉన్నాను.

తాతయ్య ఊరికే కూర్చుని ఆడేవాడు కాదు. గోగునార పోగులు కాలి బొటనవేలికి తగిలించి, రెండు అరచేతుల మధ్య తాడు పేనుతూ ఆడేవాడు. నాతో ఆడేటప్పుడు ఒక తాడు, బావతో ఆడేటప్పుడు ఇంకో తాడు. ఆట అయిపోగానే ఆ తాడుకి ఒక ముడి వేసి కొయ్యకి తగిలించేవాడు. ఒకటి ఎలపటెద్దుకి, ఒకటి దాపటెద్దుకి కాబోలు అనుకున్నాను. అన్ని ముడులున్న తాడుని ఏ ఎద్దుకి కడతారన్నది నాకు తట్టనే లేదు.

బావకి ఒకే ఒక్క ఎత్తు వచ్చు. వాళ్ల వీధిలో ఎవరో నేర్పారట. గుర్రాన్ని ఎర వేసి మంత్రితో ఆట కట్టించడం. తాతయ్య పేనుతూ పేనుతూ తలెత్తకుండా పావు జరపడం, ఆ ఎత్తులో పడిపోవడం. మూడు, మూడు, మూడు. నెల తిరక్కుండా బావ పేరు కింద 'బంటు' పడింది.

"ఇంకా గుర్రమేనేటే నువ్వు?" అన్నాడు బావ, పెట్టె చంకన పెట్టుకుని.

నాకు ఒళ్లు మండిపోయింది. బల్లని కాలితో తన్నాను. చేతికందిన గుర్రాన్ని తీసుకెళ్లి కుడితి గోలెంలో పడేశాను. మామ్మ లోపలి నుంచి తిట్లు లంకించుకుంది. తాతయ్య లేచి వచ్చాడు. మోచేతి దాకా కుడితిలో చెయ్యి పెట్టి, వెతికి, గుర్రాన్ని తీసి కడిగాడు. తర్వాత రెండు తాళ్లూ దించి నా ముందు పడేశాడు.

"ఇది ఆడిది, ఇది నీది. ముడికీ ముడికీ మద్దిన ఎంతున్నాదో కొలిసి సూడు."

ఏడుస్తూనే కొలిచాను. బావ తాడులో మొదటి ముడి నుంచి చివరి ముడి దాకా ప్రతి ఆటకీ ఒక బారెడు, అంతకి పైన. నా తాడులో మొదట్లో అలాగే బారెడు ఉండేది. తర్వాత మూరెడయింది. తర్వాత జానెడు. కొస దగ్గరి ఆటలు బెత్తెడు కూడా లేవు. భోజనాలయ్యాక మొదలుపెడితే పాలు పితికే వేళ దాకా సాగిన ఆటలవి.

"ఆడి ఆటకి నా కళ్లే అక్కర్నేకపోనాయి. నీ ఆటకి సేతులు ఆపీసినా సాలట్నేదే గుంటా."

ఇంకే పిల్లయినా ఆ మాటకి పొంగిపోవాలి. నాకు ఇంకా మండింది. "అయితే నాతో కూడా సూడకుండా ఆడొచ్చు గదా!" అని అరిచాను.

"సూడకుండా ఆడితే గెలుస్తావు. గెలిసి ఏటి సేస్తావు?"

"పెట్టి తీసుకుంతాను!"

ఆయన పగలబడి నవ్వాడు. నవ్వాడే తప్ప పెట్టె మాత్రం ఇవ్వలేదు. ఆడిన మాట ఆడినట్టే, గోడ మీది రాత ప్రకారం అది బావదే. ఆ న్యాయం నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు. అంత తెలిసినవాడు బొగ్గుముక్క చేతిలోనే పెట్టుకుని గోడ మీద ఇంకో మాట రాయలేకపోయాడా?

మర్నాడు మధ్యాహ్నం బావ బస్సెక్కే ముందు, అవే పావులతో నాతో ఆఖరి ఆట ఆడాడు తాతయ్య. ఎప్పటిలాగే తన గుర్రం తీసి పక్కన పెట్టాడు. నార కాలికి తగిలించుకున్నాడు గానీ ఒక్క పోగూ పేనలేదు. బావ సంచి సర్దుకుని గుమ్మంలో నిలబడి బస్సు పోతాదని గోల పెడుతున్నా తల తిప్పలేదు. ఆట అయ్యాక పాత ముడి పక్కనే ఇంకో ముడి వేసి, ఆ తాడు తీసి నా చేతిలో పెట్టాడు.

ఈమధ్య మా మనవరాలు ఫోనులో తన రేటింగ్ చూపించి ఏడ్చింది. నాలుగు నెలలుగా అదే అంకె, ఇక ఆడనంది. ఆ అంకె తప్పని నేననలేదు. ఎంతమంది మీద గెలిచావో అది చెబుతుంది, అంతవరకే. నీ ఎదుటివాళ్లు ఇదివరకటి కంటే ఎక్కువసేపు ఆలోచిస్తున్నారా అని అడిగాను. కళ్లు తుడుచుకుని, అవునంది. బీరువాలోంచి తాడు తీసి ముందు పెట్టి కొలవమన్నాను.

పెట్టె గురించి కోపం నాకింకా తీరలేదు. ఈ తాడుని మాత్రం ఎవరికీ ఇవ్వను. చివరి రెండు ముడుల మధ్య చిటికెన వేలు కూడా పట్టదు. ఆ ఆట కూడా నేనే ఓడిపోయాను.