అరగంటలో వచ్చేస్తా

ఆ ఇంట్లో వదులుగా ఉన్న స్క్రూ ఒక్కటి కూడా లేదు. కుర్చీ కాళ్ళు, కిటికీ రెక్కలు, గిన్నె మూతల పిడులు, అన్నీ బిగుసుకుపోయి ఉంటాయి. లిఫ్టు మెకానిక్ ఇల్లు కదా, అలాగే ఉంటుందిలే అనుకుంటే పొరపాటు. మనసు బాగున్నన్నాళ్ళు కుళాయి ధారగా కారుతున్నా పట్టించుకునే మనిషి కాదతను. మనసు కుదురుగా లేనప్పుడే జేబులోంచి స్క్రూడ్రైవరు బయటికొస్తుంది. ఈ వారంలో అయితే బాగా తిరుగుతున్న ఫ్యానుని కూడా దింపి, విప్పి, మళ్ళీ బిగించాడు. తిరిగి పెట్టాక అది టకటకా చప్పుడు చేయడం మొదలుపెట్టింది.

దీనంతటికీ కారణం నాలుగు పేజీల ఫారం. బస్సులో ఐదు గంటలు పోతే ఒక రెసిడెన్షియల్ స్కూలుంది. అందులో పాపని చేర్చమని అతని అక్క ఆ ఫారం తెచ్చి చేతిలో పెట్టింది. సోమవారం ఆఖరు తేదీ. ఇంట్లో పెడితే పాప కంట పడుతుందని అతను దాన్ని పనిముట్ల సంచిలో, స్క్రూడ్రైవర్ల కింద దాచాడు. అప్పటినుంచీ ఆ సంచి మోస్తూ కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు.

భార్య పోయి నాలుగేళ్ళయింది. పాపకి అప్పుడు ఐదేళ్ళు, ఇప్పుడు తొమ్మిది. ఇన్నాళ్ళూ స్కూలు వదిలాక పక్క వాటాలో బట్టలు కుట్టే పిన్ని దగ్గర ఉండేది. పిన్ని అంటే పిలుపే తప్ప చుట్టరికం ఏమీ లేదు. ఆ పిన్ని నెలాఖరుకి కూతురి దగ్గరికి మకాం మార్చేస్తోంది. ఆ సంగతి ఆవిడ చొక్కాకి గుండీ కుడుతూ, చావుకబురు చల్లగా చెప్పినట్టు చెప్పింది. దారం పళ్ళతో తెంపి, ఇంకో గుండీ అందుకుంది.

అక్క మాటల్లో అబద్ధం లేదు, అదే వచ్చిన చిక్కు. ఆ స్కూల్లో ఆటస్థలం ఉంది, వేళకి తిండి ఉంది, తోటి పిల్లలున్నారు. ఇక్కడ ఏముంది? పిన్ని ఇంట్లో లేని రోజున పాప తండ్రి వెంట ఊరంతా తిరుగుతుంది. అతను పైన లిఫ్టు బాగుచేస్తుంటే కింద మెట్ల మీద కూర్చుని లెక్కలు చేసుకుంటుంది. ఎన్ని బిల్డింగుల మెట్లెక్కిందో దానికే తెలీదు. తొమ్మిదేళ్ళ పిల్ల వాచ్‌మన్లతో సమానంగా నీళ్ళ ట్యాంకుల గురించి మాట్లాడుతుంది. పనిముట్ల సంచి సర్దేది కూడా అదే. ఏ స్పానరు ఎక్కడ పెట్టావని తండ్రిని నిలదీస్తుంది కాబట్టి అతను దాన్ని "మేస్త్రీ" అని పిలుస్తాడు.

"నీ కూతురికి మెట్లు తప్ప ఇల్లు తెలీదురా," అంది అక్క. "అది నీకు ముద్దుగా ఉండొచ్చు. నాకు భయంగా ఉంది."

అతను లేచివెళ్ళి తలుపు గడియ బిగించాడు.

ఇక్కడ అతని పని గురించి కొంచెం చెప్పాలి. కంపెనీలో అందరూ అతన్ని "ఇరవై నిమిషాలు" అంటారు. అది వెక్కిరింపూ కాదు, మెచ్చుకోలూ కాదు, పేరు అలా స్థిరపడిపోయింది. పద్దెనిమిదేళ్ళ కిందట పని నేర్పిన గురువు అతనికి మొట్టమొదట చెప్పింది స్పానరు పట్టుకోవడం కాదు. లిఫ్టులో మనిషి ఇరుక్కుపోయాడని తెలిస్తే ముందు మిషన్ రూంకి పరిగెత్తకూడదు. తలుపు మీద మూడుసార్లు తట్టాలి, వచ్చానని చెప్పాలి, ఎంతసేపు పడుతుందో చెప్పాలి. ఆ చెప్పేది నిజం కావాలి. ఒక్క నిమిషం అన్నావంటే లోపలివాడు అరవై అంకెలు లెక్కపెట్టి తలుపు తన్నడం మొదలెడతాడు. పదినిమిషాల పనికి ఇరవై అని చెప్పు. ముందే తలుపు తీస్తే నువ్వు దేవుడివి, ఒక్క నిమిషం దాటినా నువ్వు దొంగవి. గురువు మాట అతను పొల్లుపోకుండా పాటించాడు. ఈ పద్దెనిమిదేళ్ళలో లోపలున్నవాళ్ళకి మాట తప్పలేదు.

బయట ఉన్నవాళ్ళ సంగతి వేరు. సాయంత్రం ఆరింటికి పాప పిన్ని ఫోన్‌లోంచి ఎప్పుడొస్తావని అడుగుతుంది. అతను ఏ బిల్డింగు నెత్తిన ఉన్నా, చేతిలో ఎంత పని ఉన్నా, "అరగంటలో వచ్చేస్తా" అంటాడు. ఆ అరగంట రెండు గంటలవుతుంది, ఒక్కోసారి మూడు. వచ్చేసరికి పాప పిన్ని గడప ముందున్న మెట్టు మీద, స్కూలు బూట్లు విప్పకుండా కూర్చుని ఉంటుంది. ఎందుకు విప్పలేదే అంటే, అరగంటే కదా అంటుంది. ఆ మాట విన్నప్పుడల్లా అతను నవ్వేసేవాడు. నిజం చెప్పాలంటే, అందులో నవ్వడానికి ఏముందని అతను ఒక్కసారి కూడా ఆగి ఆలోచించలేదు.

శనివారం మధ్యాహ్నం పిన్ని కొత్త ఇల్లు చూసుకోవడానికి వెళ్ళింది. పాప తండ్రి వెంటే ఉంది. ఒక పాత బిల్డింగులో మూడో అంతస్తుకీ నాలుగో అంతస్తుకీ మధ్య లిఫ్టు ఆగిపోయిందని ఫోనొచ్చింది. లోపల ఒకావిడ, ఒక్కర్తే, ఏడుస్తోంది. అతను నాలుగో అంతస్తు తలుపు మీద మూడుసార్లు తట్టి, వచ్చానమ్మా, ఇరవై నిమిషాలు పడుతుంది అని చెప్పాడు. పాపని మెట్ల మీద కూర్చోబెట్టి డాబా మీది మిషన్ రూంకి ఎక్కాడు.

మెయిన్ స్విచ్ కట్టేశాడు. ఇలాంటప్పుడు క్యాబిన్‌ని చేత్తో దింపాలి. ఒక చేత్తో బ్రేకు వదులు చేసి పట్టుకుని, రెండో చేత్తో పెద్ద చక్రాన్ని కొంచెం కొంచెంగా తిప్పాలి. ఇనుప తాళ్ళ మీద ఒక్కో అంతస్తుకీ ఒక రంగు గీత ఉంటుంది. ఆ గీత సరైన చోటికి రాగానే ఆపాలి. తాళ్ళు కిందికి దిగడానికి నేలలో కన్నాలుంటాయి. ఆ కన్నాల్లోంచి కింది మాటలు, బావిలో మాట్లాడినట్టు, పైకి వినిపిస్తాయి. రోజూ అతనికి వాటితో పని లేదు. ఆ రోజు విన్నాడు.

ఆవిడ ఏడుపు ఆపి, బయట ఎవరైనా ఉన్నారా అని అడిగింది. నేనున్నానని పాప చెప్పింది. ఇరవై నిమిషాలంటే పదే అనుకోండి, మా నాన్న రెట్టింపు చెప్తాడు అని ధైర్యం చెప్పింది. ఆవిడకి నమ్మకం కుదరలేదు. వీళ్ళందరూ అలాగే అంటారమ్మా అంది.

"లోపలున్నవాళ్ళకి మా నాన్న అబద్ధం చెప్పడండీ," అంది పాప. "నాకే చెప్తాడు."

అతని చెయ్యి చక్రం మీద తిరుగుతూనే ఉంది. కింద ఆవిడకి మాట్లాడటానికి మనిషి దొరికింది కాబట్టి, ఏ క్లాసని, అమ్మ ఏం చేస్తుందని, ఇక్కడేం చేస్తున్నావని అడుగుతూ పోయింది. పాప అన్నిటికీ చెప్పింది. వచ్చే నెల నుంచి రానని, హాస్టల్లో చేర్పిస్తారని కూడా చెప్పింది. ఫారం నాన్న సంచిలోనే ఉందట.

"అయ్యో, ఎందుకమ్మా?"

"నాన్న పనికి నేను అడ్డం కదండీ."

ఏడుస్తూ చెప్పి ఉంటే అతను అంతగా కదిలిపోయేవాడు కాదేమో. నీళ్ళ ట్యాంకు నిండిందని వాచ్‌మన్‌కి చెప్పినంత మామూలుగా చెప్పింది. కళ్ళ ముందు రంగు గీత వచ్చింది, దాటిపోయింది, అతను చూడలేదు. తేరుకుని బ్రేకు బిగించేసరికి క్యాబిన్ అంతస్తు దాటి రెండడుగులు కిందికి పోయింది. మళ్ళీ వెనక్కి తిప్పాలి. ఈసారి గీత దాటిపోకుండా ఇంకా మెల్లిగా తిప్పాలి. కింది నుంచి పాప గొంతు వినిపించింది, "నాన్నా, పద్దెనిమిదైంది." కాసేపటికి మళ్ళీ, "నాన్నా, ఇరవై."

తలుపు తీసేసరికి ఇరవై రెండు. ఆ బిల్డింగులో ఎవరూ అతన్ని ఒక్కమాట అనలేదు. ఆవిడ పాప చెయ్యి రెండు చేతులతో పట్టుకుని, నువ్వు లేకపోతే భయంతోనే పోయేదాన్ని తల్లీ అంది. అతన్ని మాత్రం ఏదోలా చూసి, మెట్లు దిగి వెళ్ళిపోయింది. పాప పనిముట్లు ఒక్కొక్కటే తుడిచి సంచిలో సర్దింది. ఫారం తగలకుండా స్క్రూడ్రైవర్లని జాగ్రత్తగా పక్కనుంచి దూర్చింది. అది చూసి అతనికి సిగ్గేసింది.

ఆదివారం పొద్దున అతను ఫారం తీసి బల్లమీద పెట్టాడు. అంచున గ్రీజు మరక అంటుకుంది. పాప వచ్చి ఎదురుగా కూర్చుంది. పేరు, పుట్టిన తేదీ, టీకాలు, అన్నీ రాశాడు. రాస్తూ మధ్యలో రెండుసార్లు లేచాడు, ఒకసారి నీళ్ళకని, ఒకసారి ఊరికే. మూడో పేజీలో ఒక గడి ఉంది. బిడ్డని చూడటానికి తల్లిదండ్రులు ఎన్నాళ్ళకొకసారి వస్తారు? అక్కడ పెన్ను ఆగిపోయింది.

"నువ్వు పనికి అడ్డమని ఎవరు చెప్పారే?" అన్నాడు.

ఎవరూ చెప్పలేదంది. విన్నావా అని అడిగి, తల దించుకుంది. అడ్డం కాదని అతను చెప్పాడు. ఆ స్కూలు మంచిదని, అత్త నీ మేలు కోరే చెప్పిందని, ఇష్టం లేకపోతే పంపనని, ఇష్టమైతే ఆపనని చెప్పాడు. మాటలు సరిగ్గా రాలేదు, ఒకదాని మీదొకటి పడ్డాయి. పాప అన్నీ విని, వేలితో ఆ గడి చూపించింది.

"ఎన్ని రోజులకోసారి వస్తావు నాన్నా?"

ప్రతి ఆదివారం. ఆ మాట అతని నాలుక చివరిదాకా వచ్చేసింది. నాలుగేళ్ళ అలవాటు మరి. అప్పుడు అతనికి లిఫ్టు తలుపు గుర్తొచ్చింది. ఆ తలుపు వెనకాల ఇది ఉంటే ఏం చెప్పేవాణ్ణి అనుకున్నాడు. లేచివెళ్ళి డ్యూటీ చార్టు తెచ్చాడు. రెండు ఆదివారాలకొకటి డ్యూటీ. డ్యూటీ లేని రోజున కూడా ఎక్కడో ఒక లిఫ్టు ఆగుతుంది, ఫోనొస్తుంది. పోను ఐదు గంటలు, రాను ఐదు గంటలు. చార్టు వెనకాల లెక్క వేశాడు, కొట్టేశాడు, మళ్ళీ వేశాడు.

"ఆరు వారాలకోసారి," అన్నాడు చివరికి. "రెట్టింపు చేసి చెప్పాలంటే మూడు నెలలు."

పాప ఆ వారాలని వేళ్ళ మీద లెక్కేసుకుంది. ఫ్యాను టకటకా కొట్టుకుంటోంది.

"అయితే ఇక్కడే ఉంటా. ఇక్కడ ఎంత ఆలస్యమైనా మూడు గంటలేగా." ఆ గడి మీంచి వేలు తీసి, "కానీ అరగంట అనొద్దు నాన్నా. మూడు గంటలైతే మూడు గంటలనే చెప్పు. నేను బూట్లు విప్పుకుంటా," అంది.

నాలుగేళ్ళుగా ఆ పిల్ల రోజూ ఇరుక్కుపోయే ఉంది. బయట నిలబడి అబద్ధం చెప్పింది తనే. అతనికి దుఃఖం ఆగలేదు. పాప ముందు ఎప్పుడూ ఏడవని మనిషి, మోకాళ్ళ మీద మోచేతులు ఆనించుకుని ఏడ్చాడు. పాప భయపడి వచ్చి వీపు మీద చెయ్యి వేసింది. తర్వాత ఫారంలో మూడో పేజీ వెనక ఖాళీ ఉందని, దాని మీద లెక్కలు చేసుకుంది.

సోమవారం అతను సూపర్‌వైజర్ దగ్గరికి వెళ్ళి, సాయంత్రం ఐదు దాటాక బ్రేక్‌డౌన్ కాల్స్ వారానికి రెండు రోజులే చేస్తానని, బదులుగా ఆదివారం పొద్దున సర్వీసులన్నీ తనకే వేయమని అడిగాడు. ఆదివారాలు ఎవడికీ అక్కర్లేదు కాబట్టి సూపర్‌వైజర్ ఒప్పుకున్నాడు. స్కూల్లో లైబ్రరీ ఆరుదాకా తీసి ఉంటుందని టీచర్ని అడిగి కనుక్కున్నాడు. కాల్స్ ఉండే రెండు రోజులకే దారి దొరకలేదు. అక్క తిట్టింది. తిట్టి, రెండు రోజులు ఫోన్ ఎత్తలేదు. మూడోరోజు తనే చేసి, మంగళ, గురువారాలు పిల్లని స్కూలు నుంచి నేను తీసుకొస్తా, మీ ఇంట్లోనే కూర్చుంటా, మా ఇంటికి తీసుకెళ్తే నువ్వు తెల్లారేదాకా రావు అంది. ఇదంతా ఎన్నాళ్ళు సాగుతుందో అతనికి తెలీదు. ఆలోచించినప్పుడల్లా చెయ్యి జేబులోకి పోతూనే ఉంది.

పిన్ని వెళ్ళిపోయిన తర్వాత మొదటి గురువారం, ఊరవతల ఒక ఆఫీసు బిల్డింగులో లిఫ్టు మోటారు మొరాయించింది. ఆరింటికి పాప అత్త ఫోన్‌లోంచి అడిగింది. అతను మోటారుకేసి చూశాడు. అరగంట అనే మాట నోటిదాకా వచ్చింది, మింగేశాడు.

"రెండున్నర గంటలు," అన్నాడు.

పాప సరే అని పెట్టేసింది. ఎన్నడూ అంత త్వరగా పెట్టేయలేదు. అతను రెండు గంటలసేపు అదే పట్టుకుని నలిగాడు. అలిగిందేమో, అత్త ఒళ్ళో తల పెట్టుకుని ఏడుస్తోందేమో, ఆ స్కూలుకి పోయినా బాగుండేదని అనుకుంటోందేమో. బస్సులో కూర్చోలేక నిలబడ్డాడు. వీధి మలుపు నుంచి దాదాపు పరిగెత్తాడు.

గడప ముందు మెట్టు మీద ఎవరూ లేరు. తలుపు తోస్తే అక్క కుర్చీలో కూర్చుని, ఈ ఫ్యాను గోలేంట్రా, నువ్వేనా బాగుచేసింది అంది. తలుపు పక్కన అరలో స్కూలు బూట్లు ఒకదాని పక్కన ఒకటి పెట్టి ఉన్నాయి, మేజోళ్ళు లోపల కుక్కి. పాప నేలమీద బోర్లా పడుకుని, వట్టి కాళ్ళు గాల్లో ఊపుకుంటూ బొమ్మ గీసుకుంటోంది. తలెత్తి అతన్ని కాదు, గోడ మీద గడియారాన్ని చూసింది.

"పది నిమిషాలు ముందే వచ్చావే," అంది.