పద్మ తుపాకీలో నీళ్ళు

ఒక ఆడపిల్లకి ఆమె గురించే అబద్ధం చెప్పాను. ఆమె నమ్మింది. ఇప్పటికీ నమ్ముతోంది. చాలా ఏళ్ళుగా అది మోస్తున్నాను. నా ఇంటిదానికి కూడా చెప్పలేదు, అది వినకుండానే పోయింది. మీకెందుకు చెబుతున్నానంటే, మీరెవరో నాకు తెలీదు, నేనెవరో మీకు తెలీదు. మొహం చూడక్కర్లేదు. నాకున్న ధైర్యం అంతే.

అక్షరాలు ముసలితనంలో నేర్చుకున్నాను. రాతలో తప్పులుంటే సర్దుకోండి. నా బాధ ఆ తప్పుల గురించి కాదు.

మాది శ్రీకాకుళం వైపు. కలకత్తాలో ఓడలాగే ఖిదిర్‌పూర్ డాక్‌కి మొదట మా నాన్న వచ్చాడు, ఆయన వెనక నేను. డాక్‌లో నాది గాలి పని. ఓడలకి పట్టిన తుప్పు రాల్చడానికి గాలితో కొట్టే సుత్తులుంటాయి. వాటికి గాలి పంపే పెద్ద కంప్రెసర్ నా చేతికింద ఉండేది. బెంగాలీవాళ్ళూ బిహారీవాళ్ళూ అందరూ హవా మిస్త్రీ, అంటే గాలి మేస్త్రీ, అని పిలిచేవారు. నా సొంత పేరు కన్నా నాకు అదే ఇష్టం. ఈ ఇష్టం సంగతి గుర్తుంచుకోండి. తప్పంతా దాని దగ్గరే మొదలయింది.

పనిలోంచి దిగిపోయాక వాట్‌గంజ్ దగ్గర ఒక షూటింగ్ క్లబ్బువాళ్ళు పిలిచారు. పాత గోదాములో నడిచేది. పిల్లలు గాలి తుపాకులతో కాగితం మీద గురి కొడతారు. ఆ తుపాకుల్లో మందు ఉండదు. గొట్టం కింద చిన్న ట్యాంకు ఉంటుంది. అందులో కూరి కూరి నింపిన గాలే గుండుని తోస్తుంది. ఆ గాలి మామూలు పంపుతో ఎక్కదు. అందుకని చేత్తో మోసుకెళ్ళే చిన్న కంప్రెసర్ కొన్నారు. కుట్టుమిషను పెట్టె అంత ఉంటుంది. దాని బలం ముందు లారీ టైర్లో గాలి నోటితో ఊదినట్టే.

గాలిని అంత గట్టిగా నొక్కితే అందులోని చెమ్మ నీళ్ళయి దిగుతుంది. కలకత్తా వానాకాలం గాలి సంగతి ఇక్కడ బతికినవాళ్ళకి చెప్పక్కర్లేదు, వేయించిన అప్పడం క్షణంలో మెత్తబడిపోతుంది. అందుకే మిషను పక్కన చిన్న మర పెట్టారు. నడుస్తుండగానే కాసేపటికోసారి ఆ మర తిప్పి నీళ్ళు బయటికి ఊదించాలి. అమ్మినతను వచ్చి మా అందరికీ చేసి చూపించాడు. నేనూ చూసి తల ఊపాను.

కానీ నాది డాక్ అలవాటు. అక్కడ పెద్ద ట్యాంకు అడుగున కుళాయి ఉండేది. రోజంతా నడిపి, షిఫ్టు దిగే ముందు ఒక్కసారి విప్పి, నీళ్ళు ఒదిలేసి ఇంటికి పోయేవాళ్ళం. తుప్పు కొట్టే సుత్తిలోకి నాలుగు చుక్కలు పోతే ఏటవుద్ది? ఏమీ కాదు. ఈ చిన్నదానికీ సాయంత్రం ఒకసారి ఒదిలితే చాలనుకున్నాను. నిజంగా అనుకున్నానా? లేక మర తిప్పినప్పుడల్లా గేజు ముల్లు కిందికి జారిపోయి, మళ్ళీ పైకెక్కేదాకా కూర్చోడం విసుగనిపించిందా? రెండూ. నిజం రాయడానికే కూర్చున్నాను కాబట్టి రెండూ అనే రాస్తున్నాను.

ఆ పిల్ల పేరు పద్మ అనుకోండి. అసలు పేరు రాయను. మా వీధి పిల్లే. వాళ్ళ నాన్న డాక్‌లో సరుకు ఎత్తే వించి నడిపేవాడు, నాతో కలిసి చాలాకాలం పనిచేశాడు. పిల్ల బెంగాలీ బళ్ళో చదివింది. ఇంట్లో మన మాట, గడప దాటితే వాళ్ళ మాట. తుపాకీ భుజానికి ఆనించి నిలబడిందంటే గోడకి దిగిన మేకులా ఉండేది. మా కోచ్ ఎవర్నీ మెచ్చుకునే మనిషి కాదు. ఆయనే ఈ పిల్ల రాష్ట్రం జట్టులోకి వెళ్ళిపోతుందన్నాడు. జట్టులోకి వెళ్తే ఆటల కోటాలో సర్కారు ఉద్యోగం వస్తుందని వాళ్ళ నాన్న ఆశపడ్డాడు.

ఒకరోజు నేను ట్యాంకు నింపుతుంటే పక్కన నిలబడి, నీళ్ళు ఒదిలావా తాతా అని అడిగింది. నువ్వు పుట్టకముందునుంచీ గాలి పడుతున్నానే గుంటా, నాకు చెప్తావేటి అన్నాను. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆమె కూడా నవ్వింది. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు.

జట్టుకి మనుషుల్ని ఎంచే పోటీ హౌరా అవతల ఒక హాల్లో పెట్టారు. ఆ పొద్దున ఒకటే వాన. ట్యాంకు నేనే నింపాను. బయట బండివాడు హారన్ కొడుతున్నాడు. మర ముట్టుకోలేదు. ఒక్కసారి కూడా ముట్టుకోలేదు.

సామాను మోయడానికని నన్నూ తీసుకెళ్ళారు. పద్మ వెనక కుర్చీలో కూర్చున్నాను. మొదట గుళ్ళు బాగానే పడ్డాయి. తర్వాత ఒకటి పైకి పోయింది. ఇంకోటి కిందికి. పక్కలకి కాదు, నిలువునా పైకీ కిందికీ. తుపాకీ దించి, కళ్ళు మూసుకుని, ఊపిరి పీల్చుకుని మళ్ళీ ఎత్తింది. మళ్ళీ అంతే. ఆమె మెడ మీద చెమట కనిపిస్తోంది. చేతులు చూశాను. కదల్లేదు. కళ్ళారా చూశాను, కదల్లేదు.

గుళ్ళు అలా నిలువునా చెదిరితే ఊపిరి అదుపు తప్పిందని, భయపడిందని షూటింగువాళ్ళ లెక్క. కోచ్ చివరిదాకా చూడకుండానే లేచి బయటికి పోయాడు. పద్మకి జట్టులో చోటు రాలేదు.

క్లబ్బుకి తిరిగొచ్చాక అందరూ టీకి వెళ్ళారు. నాకు అప్పటికే అనుమానంగా ఉంది. ట్యాంకు విప్పి, తలకిందులుగా పట్టుకుని, కొంచెం గాలి ఒదిలాను. బుస్సుమని నీళ్ళు చిమ్మి సిమెంటు గచ్చు మీద పడ్డాయి. అరచెయ్యి అడ్డం పెట్టాను. తడిసింది. గాలి కొలిచి ఒదిలే సన్నటి దారిలోకి ఈ నీరు పోతే, ఒక దెబ్బకి గాలి ఎక్కువ, ఒక దెబ్బకి తక్కువ. గుండు ఒకసారి పైకి, ఒకసారి కిందికి. చదువు లేనివాణ్ణే గానీ గాలి సంగతి నాకు తెలీదా?

అప్పుడు కేకేసి పిలవాలి. రండి, చూడండి, నీళ్ళు అనాలి. టీకొట్టు గేటు పక్కనే ఉంది. నేనేం చేశానంటే, జేబురుమాలు తీసి గచ్చు తుడిచాను.

ట్యాంకులో గాలంతా ఒదిలేశాను. ఫ్యాను ముందు పెట్టి ఆరబెట్టాను. మళ్ళీ నింపాను, ఈసారి అమ్మినతను చెప్పినట్టే, ఆగి ఆగి మర తిప్పుతూ. తుపాకీలోంచి ఆ పొడిగాలి ఉత్తి దెబ్బలుగా చాలాసేపు కొట్టించాను. చేతకాక కాదు, చూశారా. చేతనవును. మర్నాడు కోచ్ ఆ తుపాకీ తనే తీసుకుని గురి కొట్టాడు. గుళ్ళన్నీ ఒకే కంతలో దూరాయి. తుపాకీలో ఏ లోపమూ లేదని తేలిపోయింది. ఇంక మిగిలింది పిల్ల చెయ్యే.

ఆ సాయంత్రం పద్మ వచ్చి మెట్టు మీద నా పక్కన కూర్చుంది.

"తాతా, నువ్వు నా ఎనకే కూకున్నావు కదా. నిజం చెప్పు. నా చెయ్యి వణికిందేటి?"

నేను జేబురుమాలు తీసి మొహం తుడుచుకున్నాను.

"కొంచెం వణికిందమ్మా."

"నాకు తెలీనేదే! నాకేటీ తెలీనేదు తాతా."

"మనకి తెలీదు. భయం లోపల్నుంచి వస్తది."

పద్మ రెండు చేతులూ ముందుకి చాపి, అవి వేరే ఎవరివో అన్నట్టు చూసుకుంది. తర్వాత ఒళ్ళో పెట్టుకుంది.

నీళ్ళు పోవడం పొరపాటు. మెట్టు మీద అన్న మాట పొరపాటు కాదు. ఎందుకన్నాను? ఉద్యోగం పోతుందనా? పోతే ఏం, అప్పటికే సగం పని మానేసిన ముసలివాణ్ణి. బతుకంతా గాలి పట్టినవాడికి గాలి పట్టడం రాలేదని నవ్వుతారని. ఆ పిల్ల చెప్పినా వినలేదని తెలిసిపోతుందని. హవా మిస్త్రీ అన్న పేరు నిలుపుకోడానికి ఆ పిల్ల చేతుల్ని అమ్మేశాను. ఇంతకన్నా మర్యాదగా రాయడానికి మాట దొరకలేదు, ఉన్నా రాయను.

పద్మ క్లబ్బుకి రావడం మానేసింది. వీధిలో కుర్రాళ్ళు ఆమెకి కాపునీ అని పేరు పెట్టారు. బెంగాలీలో వణుకు అని. "ఓ కాపునీ దీదీ, టీ ఒలకబొయ్యకు" అనేవారు. ఆమె చెప్పు తీసి చూపించేది, నవ్వేది. వాళ్ళ నాన్న ఆమెని ఒక్క మాట అనలేదు. నాతో టీ తాగుతూ మాత్రం, "మా ఇంట్లో ఎవరికీ గుండె నిబ్బరం నేదన్నా" అన్నాడు. నేను టీ తాగాను. ఇంకేం చేశాను? టీ తాగాను.

ఇప్పుడు పద్మ రక్తపరీక్షలు చేసే చోట పనిచేస్తోంది. ఈమధ్య షుగరు చూపించుకోడానికి వెళ్ళాను. నా నరం ఎవరికీ దొరకదు, రెండు చేతులూ పొడిచి పొడిచి ఒదిలేస్తారు. పద్మ ఒక్కసారి వేలితో తడిమి సూది పెట్టింది. దిగింది కూడా తెలీలేదు. "కదలకు తాతా, నా చెయ్యి సంగతి నీకు తెలుసు కదా" అంది నవ్వుతూ. నా ఒంట్లోంచి రక్తం ఆ సీసాలోకి పోతోంది. తల తిప్పుకున్నాను.

అప్పుడే ఒక తల్లి చంటిపిల్లని ఎత్తుకుని వచ్చింది. పద్మ వెంటనే పక్క గదిలో అమ్మాయిని పిలిచింది. చంటిపిల్లలకి తను సూది పెట్టదట. ఒక పెద్ద ఆసుపత్రివాళ్ళు పసిపిల్లల వార్డుకి రమ్మన్నారట, వెళ్ళనందట. ఆ సంగతి ఆ పక్కగది అమ్మాయే చెప్పింది నాకు. ఎందుకు వెళ్ళలేదమ్మా అని నేనడగలేదు. నన్ను మించి ఎవరికి తెలుసు?

అది చూశాకే ఆమెకి ఒక ఉత్తరం రాయడం మొదలుపెట్టాను. అంతకుముందు మా తెలుగువాళ్ళ సంఘంలో ఒక బ్యాంకు ఆఫీసరుగారి భార్య ఆదివారాలు మాలాంటి వాళ్ళకి అక్షరాలు నేర్పేవారు. ఈ వయసులో ఎందుకు తాతగారూ అని అడిగితే బస్సు బోర్డులకి అన్నాను. ఇక్కడి బస్సుల మీద తెలుగు ఎక్కడుంది? ఆవిడ నవ్వి ఊరుకున్నారు. నోటితో రానిది చేత్తో వస్తుందేమోనని నా ఆశ. రాసి పద్మ చేతిలో పెట్టేసి, ఆమె చదివే లోపల సందు మలుపు తిరిగిపోవచ్చని.

సగం రాశాక తట్టింది. పద్మకి తెలుగు చదవడం రాదు. మాటే వచ్చు. నాకు బెంగాలీ మాట వచ్చు గానీ అక్షరం రాదు. నేను రాయగలిగింది ఆమె చదవలేదు.

ఇంకొకరి చేత చదివించనా? ఆమె తప్పు కానిది ఆమెకి మూడో మనిషి నోటి నుంచి వినిపించనా? అది మళ్ళీ దాక్కోడమే. నేనే చదవాలి. ఆమె ఎదురుగా కూర్చుని, వేలు పెట్టి, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ. ఆలస్యంగా నేర్చుకున్నవాణ్ణి, వేగంగా చదివి దాటేయడం నాకు చేతకాదు. అది మంచిదేనేమో.

విన్నాక ఏమంటుందో తెలీదు. క్షమించమని అడగను. అడిగితే పెద్దవాణ్ణని ఒప్పేసుకుంటుంది, ఆ రోజు నీళ్ళ సంగతి అడిగి ఊరుకున్నట్టే. తిడితే తిట్టనీ. ఇంక నా మొహం చూడనంటే చూడొద్దు. ఆ చేతులు ఆమెవి ఆమెకి చేరితే చాలు.

తలుపేసుకుని, ఆ ఉత్తరం ఇందాకే పైకి చదివి చూశాను. "నీ చెయ్యి వణకలేదు పద్మా. నేను చూశాను" అన్న చోట ఆగిపోతానని భయపడ్డాను. ఆగాను. మళ్ళీ మొదలుపెట్టాను. గొంతు వచ్చింది.