ఆబిడ్స్ మెట్ల కింద ముప్పై ఏడు వేల అడుగులు

ఆదివారం ఉదయం ఆరూ అయిదుకు వికారాబాద్ స్టేషన్లో ఉన్నాను. వరసగా ఇది పదకొండో ఆదివారం. సంచిలో ఉన్నవి: నీళ్ల సీసా, రెండు నోటు పుస్తకాలు, నీలం పెన్ను, ఎర్ర పెన్ను, అమ్మ కట్టిచ్చిన పులిహోర, సంతకం కావలసిన ఒక కాగితం. మొదటి అయిదూ ప్రతివారం ఉండేవే. కాగితం మాత్రం ఈ వారమే చేరింది.

ఆ కాగితం సంగతి ముందే చెప్పాలి. నాకు చిన్న విమానం నడిపే లైసెన్సు ఉంది. ప్రయాణికుల విమాన సంస్థలో చేరాలంటే అది చాలదు. మూడు నెలల కిందట ఒక సంస్థవాళ్లు ఇంటర్వ్యూకు పిలిచారు. బల్లకు అవతల ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో ఉన్నాయన అడిగాడు: "ముప్పై ఏడు వేల అడుగుల ఎత్తులో ఉన్నావు. విమానం వణకడం మొదలైంది. ఏం చేస్తావు?"

"ముక్కు దించుతాను సార్," అన్నాను. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. రెండు వందల గంటలు చిన్న విమానం నడిపిన చేతులు చెప్పిన జవాబది. చిన్న విమానం వణికితే వేగం తగ్గినట్టే. ముక్కు దించితే వేగం పుంజుకుంటుంది. అంత ఎత్తులో పెద్ద జెట్ విమానానికి ఆ జవాబు కొన్నిసార్లు ప్రాణాంతకం. "థ్యాంక్యూ," అన్నారు ముగ్గురూ. బయటికొచ్చి లిఫ్టులో నిలబడ్డాక గాని నాకు తప్పు అర్థం కాలేదు.

వాళ్లే మళ్లీ పిలిచారు, వచ్చే గురువారానికి. ఒక షరతు పెట్టారు. అధిక వేగపు ఏరోడైనమిక్స్, పెద్ద విమానాల వ్యవస్థలు చదివినట్టు గురువు సంతకంతో కాగితం తేవాలి. ఆ సంతకం మూర్తి సారుది. ఆయన క్లాసు ఆబిడ్స్‌లో, అదీ ఆదివారాలే. కాబట్టి ఈ ఆదివారం సంతకం పడకపోతే గురువారం లేదు.

రైలు ఆరూ పన్నెండుకు కదిలింది. శంకర్‌పల్లిలో ఒక పెద్దామె రెండు బంతిపూల గంపలతో ఎక్కి నా ఎదురుగా కూర్చుంది. పేరు చంద్రమ్మ. నాంపల్లి స్టేషన్ బయట పూలమ్ముతుంది. నా నోటు పుస్తకంలోని రెక్క బొమ్మను కాసేపు చూసింది.

"ఏం సదువు బిడ్డా గిది?"

"విమానం నడిపే చదువమ్మా. లైసెన్సు అయితే ఇంతకుముందే వచ్చింది."

"లైసెన్సు వచ్చినంక మల్ల సదువేంది? మా అల్లుడు ఆటో నేర్చిండు, తెల్లారి నుంచి నడుపుడే."

"అది చిన్న విమానం. పెద్దదానికి వేరే చదువుంటది."

"పెద్దదైతే ఏమైతది?"

నేను వేళ్లు మడిచాను. "ఒకటి, వేగం. రెండు, ఎత్తు. మూడు, రెక్కల వంపు. నాలుగు..." నాలుగుకు వచ్చేసరికి ఆమె పూల మీద నీళ్లు చల్లుతోంది.

"నీకే సక్కగ తెల్వదనుకుంట," అంది జాలిగా. "పోనీ, సదువుకో."

బేగంపేట వచ్చినప్పుడు కిటికీ వైపు జరిగాను. రైల్లోంచి పాత విమానాశ్రయం ఏమీ కనబడదు. అయినా ప్రతివారం తల తిప్పుతాను.

ఎనిమిదింటికి నాంపల్లి. నా తరవాత ఈ దారిన వచ్చేవాళ్ల కోసం రాస్తున్నాను: స్టేషన్ బయట ఆటోవాళ్లు చుట్టుముడతారు, ఆటో అక్కర్లేదు. స్టేషన్ రోడ్డు పట్టుకుని నడిస్తే పదిహేను నిమిషాల్లో ఆబిడ్స్ చేరతారు. దారిలో ఏ ఇరానీ హోటల్లోనైనా చాయ్, రెండు ఉస్మానియా బిస్కెట్లు తీసుకోండి. క్లాసు తొమ్మిదికి మొదలైతే పన్నెండున్నర దాకా విరామం లేదు.

ఆదివారం ఆబిడ్స్‌లో పెద్ద దుకాణాల షట్టర్లు దించి ఉంటాయి. వాటి ముందు ఫుట్‌పాత్ పొడుగునా పాత పుస్తకాలు పరుస్తారు. మా క్లాసు ఉన్న మేడ మెట్ల దగ్గర పుస్తకాలు పరిచేది నర్సింగ్ అన్న. అరవై దాటిన మనిషి. ఇంజినీరింగ్ పుస్తకాలు ఒక వరస, డిటెక్టివ్ నవలలు ఒక వరస, మధ్యలో తన కుర్చీ. ఆ రోజు నన్ను చూడగానే లేచాడు.

"ఏం తమ్మీ, గీ రోజు నీ నంబరేనంట గదా? సార్ చెప్పిండు. జర మంచిగ చెప్పాలె. పోయినసారి ఒకాయన నాకు నిద్రొచ్చేటట్టు చెప్పిండు."

నవ్వి మెట్లెక్కాను గాని, ఆ మాట రెండో అంతస్తు దాకా నాతోనే వచ్చింది.

మూర్తి సారు ఇరవై ఆరేళ్లు పెద్ద విమానాల్లో ఫ్లయిట్ ఇంజినీరుగా పనిచేశారు. కాక్‌పిట్‌లో పైలట్ల వెనక పక్కకు తిరిగి కూర్చునే మూడో మనిషి ఆయన. కొత్త విమానాల్లో ఆ కుర్చీయే లేదు. "వాళ్లిద్దరూ ఆకాశం చూసేవారు. నేను మీటర్ల గోడ చూసేవాణ్ణి," అంటారు. "విమానమంతా ఆ గోడమీదే ఉండేదయ్యా."

ఆ ఉదయం హైడ్రాలిక్స్ పునశ్చరణ. చక్రాలూ, బ్రేకులూ, రెక్కల అంచులూ కదిలేది గొట్టాల్లో ఒత్తిడితో ఉండే నూనె వల్ల. సారు బల్ల మీద మూడు రంగుల ప్లాస్టిక్ గొట్టాలు పరిచి ఒకదాన్ని పీకేస్తారు. ఏది పోయిందని అడగరు. "ఏది మిగిలిందో చెప్పు. పైలట్‌కి కావలసింది అదే," అంటారు. మేం ఆరుగురం. ఆ రోజు మూడు గొట్టాలకూ, రెండు జనరేటర్లకూ, క్యాబిన్‌లో గాలి ఒత్తిడికీ తడబడకుండా జవాబు చెప్పింది నేనొక్కణ్ణే. గొప్ప కోసం చెప్పడం లేదు. మధ్యాహ్నం ఏం జరిగిందో చెప్పాలంటే ఇది కూడా చెప్పాలి.

పన్నెండున్నరకు ఆయన టీ గ్లాసులోంచి చీటీ తీయమన్నారు. ఇది ఆయన పెట్టుకున్న పద్ధతి, మేం మెట్ల కింద పరీక్ష అంటాం. చీటీలో వచ్చిన విషయాన్ని మెట్లు దిగి నర్సింగ్ అన్నకు చెప్పాలి. కాగితం, పెన్ను ఉండవు. పది నిమిషాలు. అన్న ఒక ప్రశ్న అడుగుతాడు. తనకు "సమజైంది" అని ఆయన ఒప్పుకుంటేనే సారు సంతకం పెడతారు.

చీటీ విప్పాను. "ఎత్తులో వణుకు." ఎర్ర సిరాతో, సారు చేతిరాత.

కింద నర్సింగ్ అన్న కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు. సారు నాలుగో మెట్టు మీద నిలబడ్డారు. నేను మొదలుపెట్టాను. ధ్వని వేగం ఎంత, ఎత్తు పెరిగితే ఎందుకు తగ్గుతుంది, విమాన వేగాన్ని ధ్వని వేగంతో పోల్చే మాక్ సంఖ్య ఏమిటి, రెక్కపై గాలి ఎప్పుడు ధ్వని వేగాన్ని అందుకుంటుంది. ఏడు అంశాలు, వరస తప్పకుండా. ఏడూ నిజాలే.

ఆయన ఓపికగా విని గడ్డం గోక్కున్నాడు. "గంత చెప్పినవ్ గని, కిరానా సామాను లిస్టు చదివినట్టుంది తమ్మీ. ఒక్కటి చెప్పు. గాడ పైన బండి వణికింది. ఏం చేస్తవ్?"

"ముక్కు దించి..." అన్నాను.

నోట్లోంచి వచ్చేసింది. పదకొండు ఆదివారాలు చదివాక కూడా, తెలిసి కూడా. వెనక మూడు వందల మంది ప్రయాణికులు ఉన్నట్టు నా చేతులు నిజంగానే ముందుకు తోశాయి. పైన మెట్టు మీద సారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"సమజ్ కాలే," అన్నాడు నర్సింగ్ అన్న. నా ముఖం చూసి గొంతు తగ్గించాడు. "ఫికర్ చెయ్యకు. అయిదింటికి గని నేను బుక్కులు కట్ట. గప్పటిదాక నా పరీక్ష నడుస్తది. ఔ కదా సార్?"

"నడుస్తుందయ్యా," అన్నారు సారు. "ఓ పని చెయ్యి. పుస్తకం ఇక్కడ పెట్టేసి వెళ్లు."

పుస్తకాలు సారుకిచ్చి నడిచాను. పులిహోర ఎక్కడ తిన్నానో గుర్తు లేదు, తిన్నాను. రెండింటికి సుల్తాన్ బజార్ సందులో ఉన్నాను. అక్కడ ఆదివారం మనిషి పక్కన మనిషి నిలబడటమే కష్టం. ఒకతను గుడ్డల మూటలేసిన తోపుడు బండి నెట్టుకొస్తున్నాడు. "సైడ్! సైడ్! జరగున్రి!" అని అరుస్తున్నాడు. అతని కంటే ముందు అతని కేక వెళ్తోంది. జనం బండి వచ్చేలోపే చీలి దారిస్తున్నారు.

ముందుకు పోయాక చిన్న పల్లం ఉంది. బండి చేయి జారి ఉరికింది. అతను అరిచాడు గాని, కేక విని జరిగే వ్యవధి ఎవరికీ లేదు. ముందున్న వాళ్లు ఒకరి మీద ఒకరు పడి గోడలా అయ్యారు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఒకావిడ స్టీలు గిన్నెలు మాత్రం దొర్లాయి. ఆమె బండివాణ్ణి తిట్టిన తిట్లు ఇక్కడ రాయను.

నేను గిన్నెలు ఏరి ఇస్తూ అక్కడే ఆగిపోయాను. గాలికి కూడా కేక కావాలి. విమానం వస్తోందన్న కబురు గాలికి ధ్వనే చేరవేస్తుంది. ఆ కబురు అందినంత సేపూ గాలి చీలి దారిస్తుంది. రెక్క పైన, వంపు మీద గాలి పరిగెత్తి కబురును మించిపోతే, అక్కడ గాలి గోడ కడుతుంది. ఇదంతా నా నోటు పుస్తకంలో నాలుగో అంశం కింద ఉంది. నేను రాసుకున్నదే. చూసింది మాత్రం ఇప్పుడే.

మూడూ నలభైకి తిరిగొచ్చాను. సారు నాలుగో మెట్టు మీదే కూర్చుని చాయ్ తాగుతున్నారు.

"నర్సింగ్ అన్నా, సుల్తాన్ బజార్ల తోపుడు బండి ఎట్ల పోతది?"

"ఒర్లుకుంట పోతది. అరవకుంటే ఎవలు జరుగుతరు?"

"విమానం గుడ గట్లనే." బండి, కేక, పల్లం, గోడ చెప్పాను. ఆ గోడ వెనక గాలి రెక్కను అంటుకుని ఉండలేక తెగిపోతుందనీ, అప్పుడు రెక్క వణుకుతుందనీ చెప్పాను. "అది స్పీడు ఎక్కువైన వణుకు. ఇంకొకటుంది. పైన గాలి పలచన. స్పీడు తగ్గితే ఆ గాలి రెక్కను మొయ్యలేదు, అప్పుడు కూడా వణుకుతది. బాగా ఎత్తుకు పోతే ఈ రెండిటి నడుమ జాగ కొంచెమే ఉంటది."

ఆయన చేతిలోని పుస్తకం మూసి పక్కన పెట్టాడు. "జర ఆగు. నా పాత స్కూటరు గంతే. మెల్లగ పోతే హ్యాండిల్ వణుకుతది. అరవై దాటిచ్చినా వణుకుతది. నాకు వణుకు ఒక్కతీర్గనే అనిపిస్తది. రెండిట్ల ఏదో నీకెట్ల తెలుస్తది?"

ఇంటర్వ్యూలో ఆ ముగ్గురూ అడగదలిచింది సరిగ్గా ఇదే.

"చేతులకు తెల్వదన్నా. కళ్లకే తెలుస్తది. ముందు చేతులు ఆపుత, మీటరు చూస్త. స్పీడు తక్కువుంటే ముక్కు దించుత. ఎక్కువుంటే ఇంజన్ జోరు తగ్గిస్త, ముక్కు మెల్లగ, గుంజకుంట లేపుత. అప్పుడు ముక్కు దించిననంటే ఇంకా స్పీడైతది, గోడ ఇంకా పెద్దగైతది."

నర్సింగ్ అన్న మెట్ల వైపు తిరిగాడు. "సార్, నాకు సమజైంది. గీ పోరనికి గుడ సమజైంది."

సారు కిందికి వచ్చారు. కాగితం డిటెక్టివ్ నవలల కట్ట మీద పెట్టి సంతకం చేశారు. "మనం ఇచ్చిన ఉదాహరణ తలూపడానికే పనికొస్తుంది. వినేవాడు తన స్కూటరు తెచ్చాడంటే పాఠం దిగినట్టే," అన్నారు. కాగితం ఇస్తూ ఒక క్షణం వదల్లేదు. "నేను ఇరవై ఆరేళ్లు వెనక కూర్చున్నాను. నువ్వు ముందు కూర్చుంటావు. నా మీటర్ల గోడ కూడా చూస్తూ ఉండు."

నా జీవితంలో ఇంతవరకు అందుకున్న కాగితాల్లో లైసెన్సు కూడా ఉంది. దాన్ని అందుకున్న రోజు కూడా ఇంత నిటారుగా నడవలేదు. ఆబిడ్స్ నుంచి నాంపల్లికి పదిహేను నిమిషాలని ఇంతకు ముందు రాశాను. ఆ సాయంత్రం పదకొండు పట్టింది.

రైలు అయిదూ నలభై అయిదుకు. పెట్టెలో చంద్రమ్మ ఖాళీ గంపలు ఒకదాంట్లో ఒకటి పెట్టుకుని కూర్చుని ఉంది. నన్ను గుర్తుపట్టి పక్కకు జరిగింది.

"అయిందా సదువు?"

"అయిందమ్మా. పొద్దున పెద్దదైతే ఏమైతదని అడిగితివి కదా."

బేగంపేట దాటే దాకా చెప్పాను. వేళ్లు మడవలేదు. ఆమె మధ్యలో రెండుసార్లు ఆపి అడిగింది. ఒకసారి, "గంపెత్తుకుని రద్దీల పోతుంటే నేను గుడ ఒర్లుతనే పోత," అని తనే అంది. నర్సింగ్ అన్న స్కూటరు గుర్తొచ్చి నవ్వొచ్చింది.

వేళ్లు మడవకుండా ఒక విషయం పూర్తిగా చెప్పగలిగాను. పదకొండు ఆదివారాల ప్రయాణంలో నేను తెచ్చుకున్నది అదే. మిగతావి నోటు పుస్తకాల్లో ఉన్నాయి.

లింగంపల్లి సమీపిస్తుండగా పెట్టె గట్టిగా వణికింది. పైన సామాన్లు దడదడలాడాయి. చంద్రమ్మ గంపలు పట్టుకుని నా వైపు చూసింది, పరీక్ష పెట్టినట్టు.

"ఇదేం వణుకు బిడ్డా? మెల్లదా, జోరుదా?"

జవాబు నాలుక చివరికి వచ్చింది. ఆపాను. కిటికీ లోంచి తల వంచి చూశాను. కింద మా పట్టాలు పక్క పట్టాల్లో కలుస్తున్నాయి.

"రెండూ కాదమ్మా," అన్నాను. "లైను మారుతున్నం."