పాండురంగయ్య పెరటి బంగారం

రాయచూరు బజారులో స్టీలు సామాన్ల దుకాణం నడిపే పాండురంగయ్య గిన్నెను వేలితో ఒక్కటి కొట్టి దాని మందం చెప్పేస్తాడు. ముప్పై ఏళ్ళ అనుభవం మరి. లోహమన్నాక అది భూమి లోపల ఉన్నా సరే, తన కన్నుగప్పలేదని ఆయన ధీమా.

ఈ ఎండాకాలం పెరట్లో బోరు వేయించాడు. రెండు వందల అడుగుల దగ్గర నీళ్ళకు బదులు తెల్లరాతి పొడి, అందులో పసుపుపచ్చ తళుకులు వచ్చాయి. అసలే హట్టి బంగారు గనులున్న జిల్లా! పాండురంగయ్య వెంటనే బోరు ఆపించాడు. ఆ పొడికి కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, ఇంట్లోని బిందెలన్నింటిలో నింపి మూతలు పెట్టాడు. బోరు బండి హనుమేశ్ మాత్రం మధ్యాహ్నం దాకానే ఆగుతానన్నాడు. ఆ తర్వాత సిరవారలో ఇంకో బోరు ఉందట.

"రెండు నెల్ల సంది పక్కింటి హుచ్చమ్మ నల్లాకాడ నిలబడుతున్న. ఇగ నీళ్ళు దేంట్ల తేవాలె, నీ టోపీలనా?" అంది భార్య కాత్యాయని. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ వేసవిలో ఆ ఇంట్లో ఊరిన నీళ్ళు అవే.

"లక్ష్మి ఇంట్లకొచ్చినంక ఏడుస్తవేందే!" అన్నాడాయన.

కాత్యాయని ఫోను చేసి మరిది కూతురు శ్రుతిని రప్పించింది. కాలేజీలో రాళ్ళ చదువు చదివే పిల్ల. వచ్చీ రాగానే ఒక తళుకు గింజను రోట్లో వేసి దంచింది. నల్లటి పొడి అయింది.

"బంగారమైతే సాగుతది పెద్దనాయనా. ఇది ఇనుము, గంధకం కలిసిన రాయి."

పాండురంగయ్య ప్రాణం ఉసూరుమంది. "మరి హట్టిల బంగారమెట్లొచ్చింది?" అని గొణిగాడు.

"మన కాగుల నీళ్ళు కాగి కాగి తెల్లపొర కడతది గదా, కొంచెం గట్లనే. కోట్ల ఏండ్ల కింద లోపల సలసల కాగిన నీళ్ళు బంగారాన్ని కరిగించుకొని పగుళ్ళెంట పైకొచ్చినయి. చల్లారంగనే తెల్లరాయి, బంగారం పగుళ్ళల్లనే గట్టిపడ్డయి. నీ పెరట్ల ఈ రాయే మిగిలింది."

"ఏందీ, నా పెరట్ల నీళ్ళు పారినయా?"

"పారినయి. ఆ రాయి మళ్ళ పగిలి ఉంటే ఇప్పుడు గూడ నీళ్ళు దొరకొచ్చు. బోరెందుకు ఆపినవ్?"

కాత్యాయని ఆయన వైపు ఒక్క చూపు చూసింది. పాండురంగయ్య చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి పరుగెత్తాడు. హనుమేశ్ అప్పటికే బండి స్టార్టు చేశాడు. "జర ఆగు నాయనా, నీ కాళ్ళు మొక్కుత!"

ఇంకో ముప్పై అడుగులకు నీళ్ళు ఎగజిమ్మి అందరినీ తడిపేశాయి. పట్టుకుందామంటే ఇంట్లో ఒక్క ఖాళీ బిందె లేదు! పాండురంగయ్య ఒక్కొక్కటే గుమ్మరించాడు. చివరి బిందెను మాత్రం వంచడానికి ఆయనకు చేతులు రాలేదు. కాత్యాయనే వంచింది.

నీళ్ళు తేటపడ్డాక నిండిన మొదటి బిందెను ఆమె హుచ్చమ్మ ఇంటికి పంపింది, పాండురంగయ్య నెత్తిన పెట్టి.