అవ్వ ఇంట్లో ఆడని డిస్క్

పెళ్లి వీడియోలకు మెనూ కట్టి, భాగాలుగా విడదీసి, బ్లూ-రే డిస్క్‌గా మార్చే సాఫ్ట్‌వేర్ ఒకటుంది. దాన్ని కొన్న స్టూడియోల వాళ్లు ఎక్కడైనా ఇరుక్కుంటే ఫోన్ చేస్తారు. ఆ ఫోన్లు ఎత్తడం నా పని. మేడ్చల్‌లో మా ఇంటి మేడ మీది గదిలో కూర్చుని చేస్తాను. ఇంకా డిస్కులు ఎవరు వాడుతున్నారని స్నేహితులు అడుగుతుంటారు. ఫోన్లు మాత్రం వస్తూనే ఉన్నాయి.

నా దగ్గర పదకొండు ప్రశ్నల పట్టీ ఉంది. డిస్క్ ఏ రకం, దాని మీద వీడియోను ఎంత వేగంతో రాశారు, రాయడం పూర్తిగా ముగిసిందా, ప్లేయర్ ఎంత పాతది, ఇలా. పదకొండూ వరుసగా అడిగితే తప్పు ఎక్కడో ఒకచోట దొరుకుతుందని నా నమ్మకం. షామీర్‌పేటలో స్టూడియో నడిపే ఒక అన్న ఒకే పెళ్లి డిస్క్ గురించి మూడోసారి ఫోన్ చేసేదాకా ఆ నమ్మకం చెక్కుచెదరలేదు.

"తమ్మీ, మల్ల గదే కత. నా కాడ మంచిగ ఆడుతది. వాళ్లింట్ల వెడితే డిస్కే లేదంటాంది."

"ప్లేయర్ మార్చి చూసిన్రా అన్నా?"

"నా ప్లేయరే తీస్కపోయి ఇచ్చిన. అది గూడ లేదనే అంటాందట. నీ సాఫ్ట్‌వేర్‌కు మా ఊరంటె కోపమున్నట్టుంది."

ఆ ఇల్లు చెరువు దగ్గర చేపలు పట్టే కుటుంబానిది. మనవరాలి పెళ్లికి వారం ముందు ఆ ఇంటి అవ్వ చెరువుగట్టు మీద జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. పెళ్లేమో అబ్బాయి వాళ్ల ఊళ్లో జరిగింది. ఇల్లంతా వెళ్లింది, అవ్వ మంచం మీద ఉండిపోయింది. ఫోన్లో చూపిస్తే ఆమె కళ్లకు ఆనదు. పదహారు రోజుల పండుగకు మనవరాలు వస్తుంది, ఆ పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని పెళ్లంతా టీవీలో చూస్తానని అవ్వ కోరిక. అన్న మిగతా పనులన్నీ ఆపి వీడియో పూర్తి చేశాడు. పండుగ ఎల్లుండి. పిల్ల ఆ సాయంత్రమే అత్తగారింటికి వెళ్లిపోతుంది.

"పెన్‌డ్రైవ్‌ల వేసి ఇయ్యరాదె?" అన్నాను.

"పెద్దమనుమడి పెండ్లిది గట్లనే ఇచ్చిన. అది చెరిపి అండ్ల డీజే పాటలు వేసుకున్నరు. ఈసారి ఎవలు చెరిపినా చెరగనిది కావాలన్నది అవ్వ."

పదకొండు ప్రశ్నలూ మళ్లీ అడిగాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఆడని డిస్కులు తెప్పించి చూడమన్నాను.

"అవ్వ తిరిగి ఇయ్యనంటాందట తమ్మీ. అందుకే ఎప్పటికప్పుడు కొత్తది చేసి పంపుతున్న."

ఆ మాట రాసుకున్నాను. పక్కన ప్రశ్నార్థకం మాత్రం పెట్టలేదు.

పండుగనాడు పొద్దున్నే బండి మీద షామీర్‌పేట వెళ్లాను. నా కళ్ల ముందే నాలుగో డిస్క్ రాయించి, స్టూడియో టీవీలో భాగం భాగం ఆడించి చూశాను. దోషం లేదు. ఇద్దరం దాన్ని పట్టుకుని ఆ ఇంటికి వెళ్లాం.

వాకిట్లో వలలు ఆరేసి ఉన్నాయి. లోపల మాంసం ఉడుకుతోంది. అవ్వ మంచం మీద కాలు చాపుకుని, గోడకు ఆనుకుని ఉంది. పెళ్లికూతురు పక్కనే కూర్చుంది.

"నువ్వేనా కంపిని పోరడివి? కూసో బిడ్డా. ఇప్పుడో చాయ్ తాగు, ఆడకపోతే ఇంకోటి తాగుదువు."

అన్న డబ్బాలోంచి, పైన పెళ్లికూతురి ఫోటో అచ్చేసిన డిస్క్ తీశాడు. నేను చెయ్యి చాపేలోపే అవ్వ దాన్ని అందుకుంది. మనవరాలు కుంకుమ భరిణె తెచ్చింది. అవ్వ డిస్క్‌ను తిప్పి, మెరిసే వైపు, నడిమి రంధ్రానికి సరిగ్గా పైన, తడి పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టింది. కళ్లకద్దుకుని నాకిచ్చింది.

డిస్క్‌ను ప్లేయర్ చదవడం మొదలుపెట్టేది ఆ వైపునే, రంధ్రం పక్క నుంచే. ఇది ఏ రకం డిస్కో చెప్పే సమాచారం అక్కడే ఉంటుంది. అది కనపడకపోతే ప్లేయర్ డిస్కే లేదంటుంది.

"అవ్వా, అటుదిక్కు ఎందుకు వెట్టినవ్?"

"ఇటుదిక్కు పిల్ల ఫోటో ఉండె గద. పోయినోళ్ల ఫోటోకు వెడ్తరు బొట్టు, పచ్చగున్న పిల్లకు వెడ్తరా?"

"మరి ఆ మూడూ?"

"దేవుని కాడ ఉన్నయి. బొట్టు వెట్టినంక మల్ల బయటికి ఇస్తరా ఎవలన్న?"

అన్న నా వైపు తిరిగాడు. "తమ్మీ, గిది నీ పట్టీల ఉన్నదా?"

"లేదన్నా."

సబ్బునీళ్లతో కడిగి, మెత్తటి బట్టతో రంధ్రం నుంచి అంచుకు తుడిస్తే ఐదు నిమిషాల్లో ఆడుతుంది. కానీ పదహారు రోజుల పెళ్లికూతురి ముందు, ఆమె పెళ్లి మీద పెట్టిన బొట్టు తుడవమని నా నోటితో ఎలా అనగలను? అన్నకూ అదే అడ్డొచ్చినట్టుంది.

"అవ్వా, ఇది గూడ దేవుని కాడ ఉండనియ్యి," అన్నాను. "ఇంకోటి తెస్తం. దాని బొట్టు ఈ ప్లేయర్ నెత్తిన పెట్టు. డిస్క్ దాని కడుపులనే ఉంటది గద."

అవ్వ ప్లేయర్‌ను ఎగాదిగా చూసింది. "మరి ముందుగాలనే జెప్పరాదె? మూడుసార్లు ఒక్కలన్న జెప్పిన్రా?"

"ఇగ జూడున్రి," అంది మనవరాలు, "రేపు కరెంటు పోతే పోయి మీటర్‌కు వెడ్తది మా అవ్వ."

అన్న స్టూడియోకు పరుగెత్తాడు. ఐదో డిస్క్ తయారై వచ్చేసరికి మా భోజనాలయ్యాయి. ఆ లోపు నేను ఫోన్లో నా పట్టీ తెరిచి పన్నెండో ప్రశ్న రాసుకున్నాను: ఆ ఇంట్లో డిస్క్‌ను ముందుగా ఎవరు చేతిలోకి తీసుకుంటారు, తీసుకుని ఏం చేస్తారు?

అవ్వ ప్లేయర్‌కు బొట్టు పెట్టింది. నేను డిస్క్ లోపలికి తోశాను. టీవీ కొంతసేపు నల్లగా ఉండిపోయింది. ఆ తర్వాత మెనూ వచ్చింది: ఎదురుకోళ్లు, జీలకర్ర బెల్లం, తలంబ్రాలు, అప్పగింతలు. అవ్వ మనవరాలి చెయ్యి పట్టుకుని చూసింది. తలంబ్రాల దగ్గర మాత్రం నన్ను ఆపమంది.

"ఎన్కకు పోనియ్యి బిడ్డా. గీడ నవ్వింది ఇది."

పోనిచ్చాను. చూసింది. మళ్లీ పోనిమ్మంది.

"నేను నీ పక్కనే ఉన్న గద అవ్వా," అంది మనవరాలు. "నన్నే సూడరాదు."

"నిన్ను పుట్టినకాంచి జూస్తున్న. గా నవ్వు నేను సూడలే," అంది అవ్వ, టీవీ మీంచి కళ్లు తిప్పకుండానే.