ఎడమచేతి పిడి

తుపాకుల మేస్త్రీకి డెబ్బై దాటినా చెయ్యి వణకదు. ఎవరు పాత రివాల్వర్ తెచ్చినా, "ఖాళీదేనండీ" అని ఎంత ఒట్టేసినా, ముందు గుళ్లు పెట్టే చక్రం తెరిచి ఆరు రంధ్రాల్లోంచీ వెలుతురు చూస్తేగాని మాట్లాడడు. ఆ తర్వాత కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, పసిపిల్లకి ఒళ్లు తుడిచినట్టు మెత్తని గుడ్డతో ఇనుమంతా తుడిచి, భూతద్దం అందుకుంటాడు.

ఆ రోజు వచ్చిన టీచరమ్మ, "మా తాతయ్య యుద్ధంలో వాడిందండీ. ఏ సంవత్సరందో రాసిస్తే చాలు," అంది. మేస్త్రీ పిడి చెక్కలు విప్పి, లోపలి నంబరును తన లావుపాటి పుస్తకంలో వెతికి, తల అడ్డంగా ఊపాడు. "యుద్ధం ముగిసిన ఆరేళ్లకి తయారైందమ్మా ఇది." ఆమె మొహం చిన్నబోయింది. "అయితే తాతయ్య చెప్పినవన్నీ కోతలేనా?" "ఆయన యుద్ధం సంగతి నాకు తెలీదు. దీన్ని వాడిన చెయ్యి మాత్రం తెలుసు. పిడి చూడండి, చిన్న చేతికి సరిపోయేలా చెక్కించారు. అరుగుదలంతా ఎడమచేతిది." టీచరమ్మ కుర్చీ ముందుకి లాక్కుంది. "మా అమ్మమ్మది ఎడమచేతివాటం! తాతయ్య ఎప్పుడూ ఊళ్లు పట్టుకు తిరిగేవాడు. ఊరి చివర ఇంట్లో నలుగురు పిల్లలతో ఆవిడొక్కతే ఉండేది." మేస్త్రీ కాగితం మీద సంవత్సరం రాసి, "వాడినవారి పేరు చెప్పండి," అన్నాడు. ఊహ తెలిసినప్పటినుంచీ అమ్మమ్మా అనే పిలిచింది కాబట్టి ఆ పేరు తట్టడానికి ఆమెకి కాసేపు పట్టింది. తట్టగానే ఇంటిపేరుతో సహా గట్టిగా చెప్పింది.