ఆ పన్నెండెకరాల రైతు ఎవరివైపు?

లేదండీ, ఒప్పుకోను. మీరెన్నిసార్లు చెప్పినా ఒప్పుకోను. "ఆ రోజుల్లో ఫోన్లు లేవు, మనుషుల మధ్య మాటలుండేవి, ఇప్పుడు ఫోన్లొచ్చాయి, మాటలు పోయాయి" అని పొద్దున్నే మళ్ళీ ఎవరో ఫార్వర్డ్ చేశారు, వెనకాల పొద్దుతిరుగుడు పువ్వు బొమ్మ పెట్టి మరీ. (పంపింది ఫోన్లోనే. ఉత్తరం రాసి పోస్టులో వెయ్యలేదు.) ఒళ్ళు మండిపోయింది నాకు. ఆ రోజుల్లో అంటే ఏ రోజుల్లో? మా ఊళ్ళో అయితే ఫోన్లు లేని ఆ రోజుల్లోనే మా తాతకీ టవర్ తాతకీ మాటలు ఆగిపోయాయి. మళ్ళీ కలిపింది ఫోనే. కలిపే ముందు ఊరంతా అల్లకల్లోలం చేసిందనుకోండి, అది వేరే సంగతి. ఆ సంగతే చెప్తాను, విన్నాక మాట్లాడండి.

అప్పుడు నా ఇంజనీరింగ్ అయిపోయింది. ఉద్యోగమూ వచ్చింది. కానీ ఎప్పుడు చేరాలో తర్వాత చెప్తామన్నారు కంపెనీవాళ్ళు, ఆ 'తర్వాత' ఎంతకీ రావడం లేదు. హైదరాబాద్‌లో ఇంట్లో కూర్చుని మెయిల్ చూసుకోవడం, రాలేదని అమ్మ మీద అరవడం, ఇదే నా పని. భరించలేక మా నాన్న నన్ను గురజాల దగ్గర తాత వాళ్ళ ఊరికి బస్సెక్కించేశాడు. గుమ్మంలో చెప్పులు విప్పకుండానే నేనడిగిన మొదటి మాట, "నాయనమ్మా, ఇక్కడ వైఫై ఉందా?" నాయనమ్మ మంచినీళ్ళు చేతికిస్తూ, "ఉంది తల్లీ, టవరోళ్ళింట్లో ఉంది. వాళ్ళతో మనకి మాటల్లేవు," అంది.

అలా తెలిసింది నాకు, మా ఊళ్ళో అన్నీ రెండేసి ఉంటాయని. టీ కొట్లు రెండు, వినాయకుడి పందిళ్ళు రెండు, సెలూన్లు రెండు. ఒక వర్గానికి మా తాత పెద్ద. రెండో వర్గానికి పెద్ద టవర్ తాత. ఆయన చేలో సెల్ టవర్ ఉంది కాబట్టి ఆ పేరు. వరసకి ఇద్దరూ బావాబావమరుదులే. ఎందుకు చెడిందని అడిగితే పంచాయతీ ఎలక్షన్లంటాడు తాత, సాగర్ కాలవ నీళ్ళంటుంది నాయనమ్మ. మొత్తానికి ఒకరి అరుగు ఇంకొకరు ఎక్కరు.

మా బాబాయి కూతురు చిట్టి ఐదో తరగతి. హాస్టల్ బడిలో సీటు కోసం పరీక్ష రాయాలి, లెక్కలంటే భయం. "అక్కా, నాకూ మా క్లాసోళ్ళకీ లెక్కలు చెప్పవా?" అంది. "అందర్నీ రమ్మను," అన్నాను. "టవర్ తాత మనవరాలు రాదక్కా. మన అరుగెక్కితే వాళ్ళ తాత కాళ్ళిరగ్గొడతాడంట." అప్పుడు నా పట్నం బుర్ర వెలిగింది. వాట్సాప్‌కి అరుగు లేదు కదా! 'సీటు మనదే' అని గ్రూపు పెట్టేశాను. డాబా మీద మంచమేసుకుని వాయిస్ మెసేజీల్లో పాఠాలు చెప్పేదాన్ని. పిల్లలంతా ఆ ఒక్క వీధిలోనే ఉన్నారు. పిలిస్తే పలికేంత దూరంలో ఉన్నవాళ్ళకి ఫోన్లో పాఠాలేమిటని నాకొక్కసారి కూడా తోచలేదు. నేను చెప్పిన భిన్నాలు కాసేపట్లో ప్రతి ఇంట్లోంచీ, మధ్యలో గేదెల అరుపులతో సహా, తిరిగి నాకే వినబడేవి.

చిక్కేమిటంటే ఫోన్లు పెద్దవాళ్ళవి. పాఠాలు వాళ్ళూ వినేవాళ్ళు. పిల్లల కంటే ముందు జవాబులు చెప్పేసేవాళ్ళు. టవర్ తాతైతే రోజూ గుడ్ మార్నింగ్ పువ్వులు పెట్టేవాడు. ఒకరోజు పొరపాటున తన రక్తపరీక్ష రిపోర్టు పెట్టేసి, తీసెయ్యడం తెలియక, దాని మీద వరసగా పువ్వులే పువ్వులు పెట్టి కప్పేశాడు. మా తాత కళ్ళజోడు పైకి నెట్టుకుని దాన్ని చానాసేపు చూశాడు. తర్వాత నా పేరు పక్కనున్న మాట మీద పడింది ఆయన కన్ను. "ఈ అడ్మిన్ అంటే ఏందే? పెసిడెంటా?" అన్నాడు. "అలాంటిదే తాతా," అన్నాను, రీల్స్ చూసుకుంటూ. "ఇంట్లో పెద్దోణ్ణి నేనుండగా నువ్వేంది పెసిడెంటు?" అన్నాడు. పీడా పోతుందని ఆయన్నీ అడ్మిన్ని చేశాను. ఆ పీడ ఎక్కడికీ పోలేదు.

ఒకరోజు పుస్తకంలో మామిడిపళ్ళ లెక్క వచ్చింది. పల్లెటూరి పిల్లలకి పల్లెటూరి లెక్క చెప్పాలని నాకు తెలివి ఎక్కువై, పళ్ళు తీసేసి ఎకరాలు పెట్టాను. "ఒక రైతుకి పన్నెండెకరాలుంది. అందులో మూడో వంతులో మిర్చి వేశాడు. నాలుగో వంతు అమ్మేశాడు. ఇంకా ఎంత మిగిలింది?"

మొదటి జవాబు మా వర్గం పెద్దాయన ఒకరిది. "ఈ ఏడు మిర్చేందమ్మా, రేటేడుంది? పత్తెయ్యమను." రెండోది టవర్ తాతది. "ఆ రైతెవరో చెప్పు ముందు. ఊళ్ళో పన్నెండెకరాల్లో మూడమ్ముకుంది నేనొక్కణ్ణే. మనవరాలి చేత పాఠంలో పెట్టిచ్చి ఎత్తిపొడుస్తన్నాడా మీ తాత?"

నాకసలు ఆయన పొలం అమ్మిన సంగతే తెలియదు. మా తాత మాత్రం మీసం దువ్వుకుంటూ, "నేను పెట్టిచ్చలా. అయినా లెక్క బాగుందే," అన్నాడు. అని ఊరుకున్నాడా? టవరోళ్ళ కుటుంబాన్ని మొత్తం గ్రూపులోంచి తీసేశాడు. (వేలు జారిందన్నాడు. ఒక కుటుంబం మొత్తం మీద వరసగా ఎలా జారుతుందండీ?) క్షణాల్లో వీధిలోంచి కేక. "సిగ్నలు మాది! మా సిగ్నలు తింటా మమ్మల్నే తీసేస్తారా?" మా తాత డాబా మీద నుంచి, "సిగ్నలు నీదైతే చార్జింగు నాది! ట్రాన్స్‌ఫార్మరు నా చేలో ఉంది!" న్యాయం చేద్దామని నేను టవర్ తాతని మళ్ళీ చేర్చి ఆయన్నీ అడ్మిన్ని చేశాను. ఆయన మొట్టమొదట మా తాతని తీసేశాడు. ఇక ఒకరిని ఒకరు తీసెయ్యడం, నేను చేర్చి మళ్ళీ అడ్మిన్ని చెయ్యడం. ఆ గోల మధ్యలో టవర్ తాత మనవరాలి చిన్న గొంతు, "అక్కా, ఐదెకరాలేనా?" ఎవరూ పట్టించుకోలేదు. నాకు పిచ్చికోపం వచ్చింది. "మీకు పిల్లల సీట్లు అక్కర్లేదు, పెసిడెంటు సీట్లే కావాలి. మీ ఖర్మ!" అని మెసేజ్ పెట్టి గ్రూపులోంచి బయటికొచ్చేశాను.

నా దృష్టిలో అది పెద్ద విషయం కాదు. హైదరాబాద్‌లో కాలేజీ గ్రూపులు, అపార్ట్‌మెంటు గ్రూపులు ఎన్నింటిలోంచి బయటికి రాలేదు! కానీ నాయనమ్మ చేతిలో చాట వదిలేసి గుండెల మీద చెయ్యేసుకుంది. "ఎంత పని చేశావే! బంతిలో కూర్చున్నదానివి విస్తరి ముందునుంచి లేచినట్టుగా!" చిట్టి పుస్తకం ముందేసుకుని కూర్చుని, "ఇంక సీటు రానట్టేనా అక్కా?" అంది. నేను ఫోన్లోకి తల దూర్చాను గానీ ఏం చూశానో నాకే తెలియదు.

తెల్లారి పళ్ళు తోముకుంటుంటే మా మెట్ల కింద చెప్పుల చప్పుడు. టవర్ తాత! వెనకాల వాళ్ళ కోడళ్ళు, పిల్లలు. ఆయన అరుగు ఎక్కలేదు, కిందే నిలబడ్డాడు. "అమ్మాయ్, మాటా మాటా అనుకుంటాం. అంతమాత్రాన ఆడపిల్లవి అలిగి పోతావా? మా పిల్ల రాత్రి అన్నం తినలా. ఐదెకరాలు రైటో తప్పో చెప్పేవోళ్ళు లేరని ఒకటే ఏడుపు. రా తల్లీ, మళ్ళీ చేరు."

ఏడుపొచ్చింది నాకు. అయినా పొగరు తగ్గకుండా, "గ్రూపులో చేరను. పాఠం ఇక్కడే, ఈ అరుగు మీదే. ఫోన్లు ఇంట్లో పెట్టి రావాలి," అన్నాను. అందరూ నా చేతికేసి చూశారు. ఒక చేతిలో బ్రష్, రెండో చేతిలో ఫోన్. నాయనమ్మ వచ్చి దాన్ని లాక్కెళ్ళి బియ్యం డబ్బాలో పడేసింది.

ఇక టవర్ తాత ఒప్పుకోవాలి. ఆయన మా తాతని చూశాడు. మా తాత దూలాన్ని చూస్తూ నాతో, "నిలబడతాడేంది, కూర్చోమను," అన్నాడు. ఆయనా నాతోనే, "కూర్చోను రాలేదని చెప్పు," అన్నాడు. ఎదురెదురుగా ఉన్న ఇద్దరికీ వాట్సాప్‌నయ్యాను నేను. ఈలోగా నాయనమ్మ టీ గ్లాసుతో వచ్చి, "చల్లారిపోద్ది అన్నయ్యా, పైకి రా," అంది. చెల్లెలి వరస కదా, కాదనలేక ఒక మెట్టెక్కాడు. ఇంకో మెట్టెక్కాడు. అరుగు చివర కూర్చుని ఒక గుక్క తాగి మొహం పెట్టాడు. "పంచదార లేదమ్మాయ్ ఇందులో."

"షుగరున్నోడివి, నీకు పంచదారేంది?" అన్నాడు మా తాత. సూటిగా, ఆయన మొహంలోకి చూసి.

"నాకు షుగరని నీకెవరు చెప్పారు?"

"నువ్వేగా రిపోర్టు పెట్టావు. ఎన్ని పువ్వులు కప్పితే మాత్రం కనపడదా? చానా ఎక్కువుంది బావా. అందుకే నేనే వెయ్యొద్దన్నా."

టవర్ తాత గ్లాసు మళ్ళీ ఎత్తాడు. మొత్తం తాగేశాడు.

ఆ రోజు నుంచి పాఠాలు అరుగు మీదే, గోడ మీద సుద్దముక్కతో. ఇద్దరు తాతలూ చెరో స్తంభానికి ఆనుకుని వినేవాళ్ళు. మిగిలింది ఐదెకరాలే అని తేలాక ఆ రైతు ఎవరివైపన్న తగువు మళ్ళీ లేచింది. చివరికి ఇద్దరూ కలిసి ఆయన్ని మా రెండు వర్గాలూ లేని ఎడ్లపాడు ఊరికి పంపించేశారు. ఆ తర్వాత మా లెక్కల్లో పొలం అమ్ముకున్న రైతులందరూ ఎడ్లపాడు వాళ్ళే. చిట్టికీ టవర్ తాత మనవరాలికీ సీట్లొచ్చాయి. ఇప్పుడక్కడ ఇద్దరిదీ ఒకటే గది.

నాకూ కంపెనీ నుంచి కబురొచ్చింది. మొన్న ఆఫీసులో ఒకరితో గొడవపడి, అదే కోపంతో మా టీమ్ గ్రూపులోంచి బయటికొచ్చేశాను. సాయంత్రం దాకా, చెప్పడానికి సిగ్గుగా ఉంది, తలుపు వైపే చూస్తూ కూర్చున్నాను. ఎవరూ రాలేదు. చెప్పులు విప్పకుండానే వైఫై అడిగిన ఆ పిల్ల గుర్తొచ్చి, నవ్వొచ్చింది. రెండు చోట్లా అదే యాప్, నొక్కింది అదే బటన్. ఇప్పుడు చెప్పండి, తప్పు ఫోన్‌దేనంటారా ఇంకా?